పంపు దగ్గర మనిషి

ఆ నీళ్ళ ట్యాంకు కూలిపోవడం డేగ మధ్యాహ్నం భోజనాల గదిలో, పక్కవాడి ఫోనులో చూసింది.

పక్కవాడు సుత్తి. గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాడని పనిచేసే హాల్లో అందరూ కలిసి పెట్టిన పేరు. ఆ పూట కూడా ఏదో చెబుతూనే ఫోను ఆమె ముందుకు జరిపాడు.

"చూడు, సైన్యంవాళ్ళే తీశారు, వాళ్ళే బయటపెట్టారు. శత్రువుల స్థావరమట. ఎంత గురిచూసి కొట్టారో అని కింద జనం ఒకటే పొగడ్తలు."

వీడియోలో రంగుల్లేవు. ఆకాశం నుంచి కనిపిస్తున్న బూడిదరంగు నేల. ఒక కాలువ మోచెయ్యిలా వంగింది. ఆ వంపులో గుండ్రటి నీళ్ళ ట్యాంకు, దాన్ని ఆనుకుని రేకుల షెడ్డు. ట్యాంకు చుట్టూ సన్నటి తెల్లగీత. ఎవరో షెడ్డులోంచి బయటికొచ్చి, తల పైకెత్తి చూసి, మళ్ళీ లోపలికి పరుగెత్తారు. అంతలోనే తెర తెల్లబడింది. పొగ విచ్చుకునేసరికి ట్యాంకూ లేదు, షెడ్డూ లేదు. కాలువ ఒక్కటే మిగిలింది.

డేగ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"మళ్ళీ పెట్టు."

"అంత ఘోరం మళ్ళీ చూస్తావా? నాకైతే ఒకసారికే..."

"పెట్టమన్నానా."

రెండోసారి ఆమె ఆ తెల్లగీతను మాత్రమే చూసింది. ట్యాంకు చుట్టూ గుండ్రంగా తిరిగిన గీత ఒకచోట చిన్న బుడిపెలా బయటికి పొడుచుకొచ్చింది. అవి మెట్లు. ట్యాంకు ఎక్కడానికి బిగించిన ఇనపమెట్లు. మెట్లను కలిపి గీయమని ఆమెకెవరూ చెప్పలేదు. గుండ్రంగా చుట్టి వదిలెయ్, పని తొందరగా తెములుతుంది అని తల వాచేలా చివాట్లు పెట్టారు కూడా. అయినా ఆమె మెట్లు వదిలేది కాదు. రోజూ ఎవరో ఒకరు ఎక్కి దిగే మెట్లాయె, వాటిని లేనట్టు గీయడానికి మనసొప్పేది కాదు. మొత్తం హాల్లో అలా గీసేది ఆమె ఒక్కతే.

"ఇది నా గీత" అంది.

సుత్తి ఫోను దగ్గరికి లాక్కుని ఆ బుడిపె వైపు చూశాడు.

వాళ్ళందరూ ఆ హాల్లోకి ఎలా చేరారో ముందు చెప్పాలి. నగరం చివర ఒక చెరువుంది. రెండేళ్ళ కిందటి ఎండల్లో, రేకుల ఇళ్ళలో మనుషులు కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే పోతున్న రోజుల్లో, ఆ చెరువును పూడ్చి మేడలు కడతామని మట్టిలారీలు వచ్చాయి. చెరువుగట్టు పేటలోని కుర్రకారు, కాలేజీ పిల్లలు కలిసి లారీలకు అడ్డం పడుకున్నారు. లాఠీలు తిన్నారు. నీళ్ళ జట్టు అని పేరు పెట్టుకున్నారు. ఎండలు ఎందుకు ముదురుతున్నాయో, ఎవరి పొగ వల్ల ఎవరు మాడిపోతున్నారో వీధివీధికీ తిరిగి చెప్పారు. లారీలు ఆగాయి. చెరువు జోలికి ఇక ఎవరూ రాకూడదనే ఉత్తర్వు మాత్రం ఇప్పటికీ సంతకం కాలేదు.

ఆ పోరాటం పేపర్లకెక్కాక కంపెనీవాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. మీకు నీళ్ళంటే ప్రాణం కదా అన్నారు. ఎండిపోతున్న దేశాల్లో నీళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో చూసి గీసిపెడితే, సాయం చేసేవాళ్ళకు దారి తెలుస్తుందన్నారు. పనికి దాహం ప్రాజెక్టు అని పేరు. సోఫాల దుకాణం పైన పెద్ద హాలు, వరసగా కంప్యూటర్లు, కిటికీలకు నల్లకాగితం. జట్టులో సగంమంది చేరిపోయారు. నీళ్ళని కాపాడితే జీతం కూడా ఇస్తారట్రా అని ఇంటికెళ్ళే దారంతా నవ్వుకున్నారు. హాలుకి పెద్ద డేగ అక్క మొగుడే. బావ మాట సాయంతోనే ఆమెకు పని దొరికింది. పైనుంచి ఎంత చిన్న బావినైనా ఇట్టే పట్టేస్తుందని డేగ అని పిలవడం మొదలుపెట్టింది కూడా ఆయనే.

భోజనాల గది నుంచి ఆమె నేరుగా బావ బల్ల దగ్గరికి వెళ్ళింది.

బావ వీడియో చూశాడు. ఫోను తిరిగిచ్చాడు. "గీతలన్నీ ఒకేలా ఉంటాయి మరదలా."

"నా గీత ఉండదు. మెట్లు ఎందుకు గీస్తావని తిట్టింది నువ్వే."

బావ లేచి అద్దాల తలుపు దగ్గరికి వేశాడు. "ఇంకెవరికైనా చెప్పావా?"

ఏమీ తెలియనివాడు అడిగే ప్రశ్న కాదది.

"నీకు ముందే తెలుసా బావా?"

"నాకేం తెలుసు? మనం గీసి పైకి పంపుతాం. పైవాళ్ళు ఇంకా పైకి పంపుతారు. గుమ్మం దాటాక ఎవరి చేతిలో పడుతుందో మనకెందుకు?"

"ఇవాళ్టి పనిలో ముందు పంపుహౌసులు గీయమన్నారు. ఎందుకు?"

"అర్జెంటన్నారు."

"దాహానికి అర్జెంటా, బాంబుకి అర్జెంటా?"

"గొంతు తగ్గించు. మీ అక్క ముఖం చూసైనా తగ్గించు" అన్నాడు బావ. ఎప్పుడూ వేళాకోళాలాడే మనిషి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

ఆమె తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది. తెరమీద తరువాతి ఫొటో విచ్చుకుంది. ఒక పంపుహౌసు. దాని గుమ్మం ముందు కట్టిన తాడుమీద బట్టలు ఆరేసి ఉన్నాయి. గీయడానికి చెయ్యి లేవలేదు. సాయంత్రం దాకా అదే ఫొటోను తెరిచి కూర్చుంది.

*

డేగ నాన్న నగరానికి నీళ్ళు తోడే పంపుహౌసులో ఆపరేటరు. అమ్మ పోయాక ఆయనకు ఇల్లెంతో పంపుహౌసూ అంతే. ఆమె వెళ్ళేసరికి స్క్రూడ్రైవరు మొనను మోటారుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటున్నాడు. గోడలన్నీ సన్నగా అదురుతున్నాయి. గ్రీజు వాసన, తడిసిన సిమెంటు వాసన.

"బేరింగు మొరాయిస్తోంది" అన్నాడు కూతుర్ని చూసి. "ఏంటి ఇటొచ్చావు? మొహం అలా ఉందేం?"

చెప్పింది. ఫోనులో చూపించింది. ఆయన చేతులు పాతగుడ్డతో తుడుచుకుంటూ చూశాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"రేపట్నుంచి వెళ్ళకు" అన్నాడు. "మానెయ్."

"నేను మానేస్తే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు నాన్నా."

"కూర్చోనీ. నా కూతురు కూర్చోదు. నాకది చాలు."

"నీకు చాలొచ్చు."

ఆయన మోటారు వైపు తిరిగి, గేజి చూసి, వాల్వు కొంచెం తిప్పాడు. అలా తిరిగి నిలబడే అడిగాడు. "అతను బయటికొచ్చి మళ్ళీ లోపలికెందుకు పోయాడంటావు?"

"దాక్కుందామనేమో."

"ఏమో మరి. నేనైతే మోటారు కట్టేయడానికి పోయేవాణ్ణి. నడుస్తున్న మోటారుని వదిలేసి పరుగెత్తలేం పాపా. కాళ్ళు రావు."

డేగ గోడకానుకుని కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ ఆమె పైనుంచి ట్యాంకులు చూసింది, గొట్టాలు చూసింది, కాలువలు చూసింది. ప్రతి పంపు దగ్గరా ఒక మనిషి ఉంటాడని, ఆ మనిషి తన ఇంట్లోనే ఉన్నాడని ఒక్కసారి కూడా తోచలేదు.

"గొడవల్లోకి మాత్రం పోకు" అన్నాడు నాన్న. "వాళ్ళు పెద్దవాళ్ళు. మనల్ని నలిపేస్తారు."

*

మర్నాడు సాయంత్రం చెరువుగట్టు పేటలో నీళ్ళ జట్టు సమావేశం పెట్టారు. రేకుల కప్పు కింద గది ఇంకా కాగుతూనే ఉంది. కాలేజీ పిల్లలు ఒకవైపు, హాల్లో గీతపని చేసేవాళ్ళు ఒకవైపు, పేట ఆడవాళ్ళు గుమ్మం దగ్గర. వీడియో అందరికీ చూపించాక డేగ చెప్పాల్సింది చెప్పి కూర్చుంది.

పొడుగన్న లేచాడు. లారీలకు అడ్డంగా మొదట పడుకున్నది ఆయనే. జట్టుకి పెద్ద. ఎంత పొడుగంటే ఆ గదిలో తల వంచే నిలబడాలి.

"దాచకుండా చెబుతున్నాను, వినండి" అన్నాడు. "చెరువు ఉత్తర్వు సంతకానికి సిద్ధంగా ఉంది. పొద్దున మంత్రిగారి మనిషి ఫోను చేశాడు. వీడియో సంగతి వాళ్ళకి అప్పుడే చేరిపోయింది. మీ పిల్లలు చెట్లూ నీళ్ళూ అని మాట్లాడినంతకాలం మాకు ముద్దొస్తారు, యుద్ధం జోలికి వెళితే మేం సంతకం జోలికి వెళ్ళం అన్నాడు. బాంబు వేసిన దేశంతో మన ప్రభుత్వానికి ఎంత దోస్తీయో మీకు తెలుసు. రెండేళ్ళ కష్టం. ఇంతమంది దెబ్బలు. ఒక్క సంతకం దూరంలో ఉన్నాం. నేను ఆగమంటున్నాను."

గదిలో గుసగుసలు రేగాయి. ఒక కాలేజీ అమ్మాయి అందుకుంది.

"మనం కలిసింది వాతావరణం కోసం. ఆ రెండు దేశాల్లో తప్పు ఎవరిదో మనలో మనకే ఒకమాట లేదు. ట్యాంకు కూలిన దేశంవాళ్ళ రాకెట్లు పడి అవతల పిల్లలు చచ్చిపోయినప్పుడు మనం నోరెత్తలేదు. ఇప్పుడెత్తితే ఒక పక్షంవాళ్ళమంటారు."

"అప్పుడు నోరెత్తకపోవడం తప్పే" అంది డేగ. "ఆ తప్పుకి తోడు ఇంకోటెందుకు? ఏ దేశం ట్యాంకైనా ట్యాంకే. అక్కడ వానల్లేక ఎన్నేళ్ళయిందో ఆ ఫొటోల్లో రోజూ చూస్తున్నాను. చెరువులన్నీ పగుళ్ళిచ్చిన నేల. మిగిలినవి ఆ నాలుగు ట్యాంకులే. ఎండ చంపగా మిగిలినవాళ్ళని చంపడానికి నేను దారి గీసిచ్చాను. ఇది వాతావరణం సంగతి కాకపోతే ఇంకేది?"

"ఆవేశపడి లాభమేంటి?" ఎవరో అరిచారు. "మనం గీయడం మానేస్తే యుద్ధం ఆగిపోతుందా?"

"ఆగదు. నువ్వు లారీకి అడ్డం పడుకుంటే ఎండలు ఆగాయా? పడుకున్నావుగా."

మాటా మాటా పెరిగింది. ఇద్దరు కుర్రాళ్ళు కాలర్లు పట్టుకోబోతే పక్కవాళ్ళు లాగేశారు. అంత గోలలో గుమ్మం దగ్గర కూర్చున్న ఇస్త్రీ పెద్దమ్మ చెయ్యి పైకెత్తింది. చెరువుకి అన్నిటికంటే దగ్గర ఇల్లు ఆవిడదే. లారీలు ముందు ఆవిడ బండినే తొక్కాయి.

"నాకొకటి తెలియక అడుగుతున్నాను. ఆ ట్యాంకు పోయాక ఆ ఊరివాళ్ళు ఏం తాగుతున్నారు?"

పెద్దమ్మ అందరి ముఖాలూ ఒకసారి చూసింది.

"అంటే మా చెరువు మాకు దక్కాలంటే వాళ్ళ ట్యాంకు సంగతి మేం మర్చిపోవాలి. అంతేనా నాయనా?"

"ఆ బేరం పెట్టింది మేం కాదు పెద్దమ్మా" అన్నాడు పొడుగన్న.

"పెట్టింది మీరు కానప్పుడు ఒప్పుకునేదీ మీరు కాకూడదు" అందావిడ. "చెరువు పోతే నా ఇల్లు పోతుంది, నీది పోదు. అయినా ఒప్పుకోవద్దని నేనే చెబుతున్నాను, రాసుకోండి."

చేతులెత్తమన్నారు. పొడుగన్న మాట నెగ్గలేదు. ఆయన కాసేపు రేకులకు తల ఆనించి నిలబడ్డాడు. తరువాత, "సరే, కాగితం ఇటివ్వండి. ప్రకటన నేనే చదువుతాను. ఓడిపోయాక పక్కకి తప్పుకునే రకాన్ని కాను" అన్నాడు.

ప్రకటన పొడుగైనదేమీ కాదు. ఏ సైన్యమైనా, ఎవరి నీళ్ళమీదైనా దాడి చేస్తే మేం దానికి ఎదురు నిలుస్తాం. ఎండకీ యుద్ధానికీ బలయ్యేది ఒకే జనం. మా చేతిపని ఏ సైన్యానికీ ఇవ్వం. ఈ యుద్ధం ఆపాలి. అంతే.

*

మర్నాడు పొద్దున హాల్లో కంపెనీ మేనేజరమ్మ అందర్నీ తన చుట్టూ నిలబెట్టుకుంది. ఆవిడ ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. బిడ్డలకు నచ్చజెప్పినట్టు చెబుతుంది.

"ఏదో వీడియో తిరుగుతోందని విన్నాను. మన పని మానవసేవ. దాన్ని ఎవరైనా దొంగిలించి వాడుకుంటే మనమేం చేస్తాం చెప్పండి?"

సుత్తి ముందుకొచ్చాడు. వీడు మొదలెట్టాడంటే మధ్యాహ్నమే అని వెనక ఎవరో గొణిగారు.

"ఒక్క మాట మేడం. గీసింది మేం, పేల్చింది వాళ్ళు. మధ్యలో ఉన్నదెవరు?"

అంతే. ఆగిపోయాడు. ఆగిపోయాడని అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. అందరి చూపులూ ఆవిడ వైపు తిరిగాయి.

మేనేజరమ్మ గొంతు మారింది. "చేరేటప్పుడు మీరు సంతకాలు పెట్టారు. ఇక్కడి పని గురించి బయట నోరెత్తితే కేసు. దేశభద్రత కింద వేస్తారు, బెయిలు కూడా రాదు. మీ అమ్మానాన్నల్ని తలుచుకోండి." ఒక్క క్షణం ఆగి మళ్ళీ మెత్తబడింది. "పోనీ, మనసొప్పనివాళ్ళుంటే చెప్పండి. అడవుల పనిలోకి మారుస్తాను. హాయిగా చెట్లు గీసుకోండి."

హాల్లో సందడి చప్పబడిపోయింది. డేగకు భయమేసింది. బెయిలు రాదన్న మాటకంటే ఈ మాటకే ఎక్కువ భయమేసింది. కొందరి ముఖాలు అప్పుడే తేలికపడ్డాయి. చెట్లు గీసుకోవచ్చు. ఉద్యోగం ఉంటుంది, మనసూ కుదుటపడుతుంది.

"నేను చెట్లు గీస్తే నా పక్కవాళ్ళు పంపులు గీస్తారు" అంది. గొంతు తను అనుకున్నదానికంటే సన్నగా వచ్చింది. "పక్కవాళ్ళ చేతికి అంటించి నా చెయ్యి కడుక్కోలేను."

మేనేజరమ్మ, "సరే, పనిలోకి" అంది. అందరూ కుర్చీల్లోకి వెళ్ళారు. తెరలు వెలిగాయి. మౌసుల టిక్కుటిక్కులు మొదలయ్యాయి. అయిపోయింది అనుకుంది డేగ. జట్టువాళ్ళు చేతులు కట్టుకుని కూర్చున్నారు. కానీ జట్టువాళ్ళు హాల్లో సగం కూడా లేరు.

డేగ వెనక వరసలో ఒకామె ఉండేది. చేరిన దగ్గర్నుంచి తలెత్తి ఎవరితోనూ మాట్లాడి ఎరగదు. ఇద్దరు పిల్లల్ని పక్కింట్లో వదిలి వస్తుందని మాత్రం తెలుసు. ఆమె లేచి నిలబడింది.

"నేను మీ జట్టుదాన్ని కాను మేడం" అంది. "ఈ జీతం లేకపోతే మా ఇల్లు గడవదు. నన్ను తీసెయ్యకండి, దణ్ణం పెడతాను. కానీ నేనేం గీస్తున్నానో నాకు తెలియాలి కదా. అది చెప్పేదాకా నా చెయ్యి ఆడదు."

కూర్చుంది. మౌసు పక్కకి నెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఆ వరసలో టిక్కుటిక్కు ఆగింది. తరువాత దాని ముందు వరసలో. కిటికీ పక్కన ఇంకొన్నిచోట్ల కాసేపు సాగి, ఒకటొకటిగా అవీ ఆగాయి. ఆ చప్పుడు లేకపోతే హాలు ఎలా ఉంటుందో అంతవరకు ఎవరికీ తెలియదు. ఏసీ హోరు ఒక్కటే వినిపించింది. పక్కవాళ్ళ ఊపిరి వినిపించింది.

సందేహాలు అడగడానికి తెరమీద ఒక మూల చిన్న చాట్ కిటికీ ఉంటుంది. ఇదే పని చేసే వేరేవేరే నగరాల వాళ్ళందరికీ అది కనిపిస్తుంది. సుత్తి అందులో టైపు చేశాడు: 'మనం గీసిన ట్యాంకు మీద బాంబు పడింది. మన గీతలు ఎవరికి వెళుతున్నాయి? చెప్పేదాకా ఇక్కడ మేం పని ఆపాం.'

కాసేపు ఏమీ లేదు. తరువాత ఎక్కడి నుంచో ఒక ముక్క వచ్చింది: 'ఏ ట్యాంకు?' ఇంకెవరో: 'మేం వంతెనలు గీస్తున్నాం.' ఇంకొకరు తెలియని భాషలో ఏదో రాశారు. దాని కిందే ఇంకెవరో దాన్ని తర్జుమా చేశారు: 'ఇక్కడ ఆసుపత్రులు గీయిస్తున్నారు. మేమూ ఆపుతున్నాం.'

అప్పుడే కరెంటు తీసేశారు. తెరలన్నీ ఒక్కసారి నల్లబడ్డాయి. నల్లకాగితం అంటించిన కిటికీల వెనక హాలు పట్టపగలే చీకటైంది. ఎవరో లేచి కిటికీమీది కాగితం చించారు. ఇంకొకరు పక్క కిటికీది. ఎండ లోపలికి పడింది. కింద వీధి కనిపించింది. సోఫాల దుకాణం ముందు పొడుగన్న ప్రకటన చదువుతున్నాడు. చుట్టూ కాలేజీ పిల్లలు, పేట ఆడవాళ్ళు, దారినపోతూ ఆగినవాళ్ళు. వాళ్ళ వెనక పోలీసు వ్యాన్లు.

లాఠీలు లేవడం వాళ్ళు పైనుంచి చూశారు. పొడుగన్న కాగితాన్ని తలకంటే పైకెత్తి చదువుతూనే ఉన్నాడు. తల మీద దెబ్బ పడ్డాక కూడా ఒక వాక్యం చదివాడు. తరువాత ఆ పొడుగు మనిషి జనంలో కనిపించలేదు.

బూట్ల చప్పుడు మెట్లెక్కి వచ్చింది. ఇన్‌స్పెక్టరు హాలంతా ఒకసారి కలయజూశాడు. "ఇదంతా మొదలెట్టిందెవరు?"

మేనేజరమ్మ బావ వైపు చూసింది. ఇన్‌స్పెక్టరూ చూశాడు.

"నువ్వేగా ఇక్కడ పెద్ద? చెప్పు. చెప్పకపోతే నీ పేరే రాసుకుంటాను."

డేగ బావ కళ్ళలోకి చూసింది. ఆయన చూపు దించుకుని, వేలు కొంచెం ఎత్తి ఆమె వైపు చూపించాడు.

ఆమెను తీసుకుపోతుంటే సుత్తి అడ్డం వచ్చాడు. అతన్నీ పట్టుకున్నారు. దణ్ణం పెడతానన్న వెనక వరస ఆమె మెట్లదాకా వెంట వచ్చి, "ఒక్క పిల్లనే తీసుకెళతారేం? పని ఆపింది అందరం" అంది. ఆమె వెనక హాలంతా కదిలింది. ఇరుకు మెట్లమీద జనం, పోలీసులు, కేకలు. చివరికి వ్యాన్లు చాలక సగంమందిని కిందే వదిలేశారు.

*

స్టేషన్లో డేగను బల్లమీద కూర్చోబెట్టారు. సుత్తిని, పొడుగన్నని లోపల వేశారు. పొడుగన్న తలకు ఎవరిదో చున్నీ చుట్టి ఉంది. ఇన్‌స్పెక్టరు టీ తాగుతూ, తీరిగ్గా అన్నాడు.

"నీకో మంచిమాట చెప్పనా? మీ చెరువు ఫైలు వెనక్కి వచ్చేసింది. రేపు పొద్దున్నే లారీలు వస్తాయి. సంతోషమేనా?"

ఇస్త్రీ పెద్దమ్మ ఇల్లు డేగ కళ్ళముందు కదిలింది. తల దించకుండా ఉండడానికి ఒంట్లో ఉన్న శక్తంతా కావలసి వచ్చింది.

ఎండ తగ్గుతుండగా అక్క వచ్చింది. చేతిలో అన్నం క్యారియరు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"నీ పేరు చెప్పింది మీ బావేనట. ఇంటికొచ్చి ఏడుస్తూ కూర్చున్నాడు" అంది. "ఏడవనీ అని వచ్చేశాను. తిను."

"ఆకలిగా లేదక్కా."

"లేకపోయినా తిను. రేపు నిలబడాలంటే ఓపిక కావాలా వద్దా?"

తినబోతుండగా బయట అలికిడైంది. అరుపుల్లాంటివేమీ లేవు. చాలామంది చెప్పుల చప్పుడు. కానిస్టేబులు గుమ్మంలోకి వెళ్ళి చూసి, గబగబా వెనక్కి వచ్చాడు.

"ఎవరో చాలామంది వచ్చారు సార్. ఖాకీ చొక్కాలు. నీళ్ళ బోర్డువాళ్ళలా ఉన్నారు."

ఇన్‌స్పెక్టరు గ్లాసు పక్కనపెట్టి గుమ్మంలోకి నడిచాడు. తెరిచిన తలుపులోంచి డేగకు బయట మెట్లు కనిపించాయి. ముందు నాన్న ఉన్నాడు. చేతులకు గ్రీజు అలాగే ఉంది. ఆయన వెనక నగరంలోని పంపుహౌసుల ఆపరేటర్లు, లైన్‌మెన్లు, వాల్వులు తిప్పేవాళ్ళు. వాళ్ళలో సగంమంది ఆమెకు చిన్నప్పటి నుంచి బాబాయిలే. వాళ్ళ పక్కన హాల్లోవాళ్ళు. దణ్ణం పెడతానన్న ఆమె, చంకలో ఒక పిల్ల, చేత్తో పట్టుకుని ఇంకో పిల్ల.

"ఏంటిదంతా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మా అమ్మాయి లోపలుంది సార్" అన్నాడు నాన్న. ఆయన గొంతు వణుకుతోంది. "ఇంకా పిల్లలున్నారు. అందర్నీ వదలమని అడగడానికొచ్చాం."

"కన్నతండ్రివి, నువ్వొచ్చావు, బాగుంది. వీళ్ళందరికీ ఏం పని? ఎక్కడో ఎవరి మీదో బాంబు పడితే మీకెందుకయ్యా? ఆ దేశంవాళ్ళు మీకేమవుతారు?"

నాన్న వెనక్కి తిరిగి తనవాళ్ళని చూశాడు. మళ్ళీ ఇటు తిరిగినప్పుడు ఆ గొంతులో వణుకు లేదు.

"మా డ్యూటీవాళ్ళు సార్" అన్నాడు. "అక్కడ పంపు దగ్గర చచ్చిపోయింది మాలాంటివాడే."

ఇన్‌స్పెక్టరు అతన్ని ఎగాదిగా చూశాడు. ఏదో స్ఫురించి ముఖం గట్టిపడింది. "బెదిరిస్తున్నారా? నగరానికి నీళ్ళు ఆపుతారా ఏంటి?"

"మోటార్ల దగ్గర మనుషుల్ని పెట్టే వచ్చాం. మీ ఇంటికీ నీళ్ళొస్తాయి" అన్నాడు నాన్న. "మేం నీళ్ళు ఆపేవాళ్ళం కాదు. ఆపేవాళ్ళెవరో కనుక్కుందామని వచ్చాం."

చెప్పి, మెట్టుమీద కూర్చున్నాడు. ఆయన పక్కన ఇంకొకాయన కూర్చున్నాడు. పిల్లల తల్లి చెంగు సర్దుకుని కింది మెట్టుమీద కూర్చుని, చంకలో పిల్లని ఒళ్ళో వేసుకుంది. చూస్తుండగానే మెట్లు నిండి, జనం వీధిలోకి సర్దుకున్నారు. అటూ ఇటూ బళ్ళు ఆగిపోయాయి. కానిస్టేబుళ్ళు లాఠీలు పట్టుకుని ఇన్‌స్పెక్టరు ముఖం చూస్తూ నిలబడ్డారు. ఆయన ఫోను తీసి ఎవరితోనో తగ్గుస్వరంతో మాట్లాడుతూ లోపలికి వెళ్ళిపోయాడు.

డేగ బల్ల మీంచి లేచి గుమ్మం దాకా వచ్చింది. ఆపమని కానిస్టేబులుకి ఎవరూ చెప్పలేదు. అతను ఆపలేదు.

"నాన్నా" అంది. "రేపు చెరువుమీదికి లారీలొస్తున్నాయట."

"తెలుసు. ఇస్త్రీ ఆవిడ కనిపించింది. పేటవాళ్ళంతా గట్టుమీదే ఉన్నారట" అన్నాడు నాన్న. మెట్టుమీద ఇంకొకరికి చోటిస్తూ కొంచెం జరిగాడు. "పొద్దున్నే మోటార్ల దగ్గరున్న మా షిఫ్టు దిగుతుంది. అందరం కలిసి నేరుగా అటే పోతున్నాం."